సముద్రానికి వై2కె పట్టిన శనివారం

ద్వారకానాథ్ గారు ప్రాణాలతో ఇంటికొచ్చారన్న సంతోషంతో ఆ ఆదివారం డాక్టర్ ఇనాయతుల్లా గారింట్లో దావత్ పెట్టారు. ముందురోజు పొద్దున చిన్న రేకు బోటు వేసుకుని ఒక్కరే చేపలకి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి రావాలి. సాయంత్రమైనా రాలేదు. ఆయన భార్య జయశ్రీ గారు డార్విన్‌లో ఉన్న నాలుగైదు తెలుగు ఇళ్ళకీ ఫోన్లు చేసి ఏడ్చారు. ఎటు వెళ్ళారో ఎవరికీ తెలీదు. చివరికి ఆమె బోటు దింపే ఒడ్డుకి వెళ్ళి కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే వాలంటీర్లు తమ పెద్ద బోటుకి ఆయన బోటుని కట్టుకుని లాక్కొచ్చి ఒడ్డున దింపారు. ఇంటికొచ్చి, స్నానం చేసి, ఒక్క మాట కూడా చెప్పకుండా పడుకున్నారట. పెళ్ళయ్యాక ఆయన మాట్లాడకుండా పడుకోవడం అదే మొదటిసారని జయశ్రీ గారు నాతో అన్నారు.

ఆదివారం మధ్యాహ్నానికి ఆ జబ్బు పూర్తిగా నయమైపోయింది.

డాక్టర్ గారిది పాత డార్విన్ ఇల్లు, స్తంభాల మీద కట్టింది. కింద నీడలో ఫ్యాన్ పెట్టుకుని కుర్చీలు వేసుకున్నాం. డాక్టర్ గారి భార్య రుఖయ్యా గారు వండిన బిర్యానీ అయిపోయింది, టీ వస్తోంది. మగవాళ్ళం ముగ్గురం. డాక్టర్ గారు, ద్వారకానాథ్ గారు, నేను. నా పేరు అచ్యుత్, ద్వారకానాథ్ గారి ఆఫీసులోనే ప్రోగ్రామర్ని. ఇద్దరం కిందటేడు వై2కె పని మీద, అంటే కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని పందొమ్మిది వందలనుకోకుండా సరిచేసే పని మీద, ఇక్కడికి వచ్చినవాళ్ళమే. రెండువేల సంవత్సరం పుట్టిన రాత్రి లైట్లు ఆరిపోలేదు, ఏటీఎంలు ఆగిపోలేదు, విమానాలు పడిపోలేదు. ఏమీ జరగలేదంటే అది ఎవరి వల్ల? దానికి ద్వారకానాథ్ గారి దగ్గర ఒకటే జవాబు ఉంది, ఏడు నెలలుగా అదే చెబుతున్నారు.

ఆయన్ని మేం ఆ రోజు ఎందుకంత శ్రద్ధగా విన్నామంటే, వచ్చే శనివారం ఆ బోటులోనే డాక్టర్ గారూ నేనూ వెళ్ళాలని ఎప్పుడో అనుకున్నాం. డాక్టర్ గారికి ఈత రాదు. నీళ్ళలోకి మడమ దాటి దిగింది లేదు. కానీ చేప పట్టాలని చిన్నపిల్లాడి పంతం. నిన్నటి సంగతి చూశాక కూడా ఆయన మనసు మారలేదు. రుఖయ్యా గారికి అది బొత్తిగా ఇష్టం లేదని మొహం చూస్తే తెలుస్తోంది. నలుగురు తిండికి వచ్చిన రోజు గొడవెందుకని ఊరుకున్నట్టున్నారు.

"ఇంతకీ నిన్న ఏమైంది భాయ్?" అన్నారు డాక్టర్ గారు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదండీ," అని ద్వారకానాథ్ గారు మొదలుపెట్టారు. మేం కుర్చీలు సర్దుకున్నాం.

"జరిగింది చాలా చిన్న విషయం. పొద్దున్నే టిన్నీని నీళ్ళలో దింపాను. టిన్నీ అంటే రేకు బోటుకి ఇక్కడోళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు లెండి. మా జయ పులిహోర కట్టిచ్చింది, ఎండ బాగా కాస్తోంది, గాలి లేదు, నీళ్ళు చూస్తే మా నరసాపురం కాలవలాగే నిద్దరోతున్నాయి. హార్బరు దాటి ఓ పాయలోకి పోయాను. రెండు పక్కలా మడ చెట్లు. గాలం వేశాను. వేసీ వెయ్యకముందే పడిందండి పండుగప్ప. ఇక్కడ దాన్ని బారముండి అంటారు, ఈ దేశం వాళ్ళే కొత్తగా కనిపెట్టినట్టు. మన గోదావరి చేపండి అది. నేను 'రావే తల్లీ' అన్నానో లేదో, యాస గుర్తుపట్టి వచ్చేసింది."

"ఎంతున్నదన్నా?" అని అడిగాను. అడక్కపోతే ఆయన బాధపడతారు.

ఆయన ముందు రెండు చేతులూ మూరెడు దూరంలో పెట్టారు. డాక్టర్ గారి మొహంలో పెద్దగా మార్పు కనబడకపోయేసరికి బారెడు చేశారు. అప్పుడే రుఖయ్యా గారు టీ కప్పుల ట్రేతో అటు రాబోతే, "కాస్త పక్కకి జరగమ్మా, తోక తగులుద్ది," అన్నారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలం మింగింది సరే, మింగి ఊరుకుందా? నన్ను లాగడం మొదలెట్టింది. నేను ఇంజన్ ఆపేశాను. అదే లాగుతుంటే పెట్రోలు దండగెందుకండీ? పాయ పాయంతా తిప్పింది. మలుపు దగ్గర నేను ఎడమకి వంగితే అదీ ఎడమకే తిరుగుతోంది, ఇండికేటర్ ఒక్కటే తక్కువ. ఎదురుగా ఇద్దరు తెల్లోళ్ళు బోటులో వస్తూ, 'ఏం ఇంజన్ మేట్, అసలు చప్పుడే లేదు' అని అడిగారు. 'పండుగప్ప, సింగిల్ సిలిండర్' అన్నాను. పాపం రాసుకున్నారండి. అట్లా పోతా ఉంటే చేప టక్కున ఆగిపోయింది. ఎందుకాగిందా అని ముందుకి వంగి చూద్దును కదా, మొసలి!"

"యా అల్లా," అన్నారు డాక్టర్ గారు, కాళ్ళు పైకి తీసుకుని కుర్చీలో పెట్టుకుంటూ.

"మొసలంటే మీరు అనుకునే మొసలి కాదండీ. ముక్కు నా బోటు దగ్గర ఉంది, తోక ఇంకా మలుపు తిరగలేదు. నోరు తెరిచింది. లోపల ఎవరిదో టోపీ, ఓ మడత కుర్చీ, ఓ ఎస్కీ, అదేనండి, బీర్లు పెట్టుకునే మంచు పెట్టె, అన్నీ ఇంట్లో సామాను సర్దినట్టు సర్ది ఉన్నాయి."

"భయం వెయ్యలేదా భాయ్?"

"భయమా? ఎవరో పాతకాలపు కోబాల్ భాషలో రాసి పారేసి రిటైరైపోయిన ప్రోగ్రాములు చదివినవాణ్ణి నేను. ఏ లైను ఎందుకో చెప్పే కామెంటు ఒక్కటి ఉండదు, ఎక్కడికి పోతుందో ఎక్కడికి వస్తుందో రాసినవాడికే తెలీదు. చెప్పు అచ్యుత్, అవి చూశాక మొసలి నోరు చూస్తే సెలవు పెట్టినట్టు ఉండదూ? పొట్లం విప్పి పులిహోర ఓ ముద్ద విసిరాను. మా జయ ఇంగువ దగ్గర కాస్త చెయ్యి జారుస్తుంది లెండి. దానికి అలవాటు లేదు కదా, ఘాటు నషాళానికి అంటి కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు. మొసలి కన్నీళ్ళు, మొసలి కన్నీళ్ళు అని జనం ఊరికే అంటారు గానీ, నిజంగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటానండి."

"నిన్న పులిహోరలో ఇంగువ వెయ్యలేదు," అన్నారు పక్కనే కూర్చున్న జయశ్రీ గారు. "ఇంట్లో అయిపోయి వారమైంది."

"చూశారా! వెయ్యకుండానే అంత ఘాటు. ఆమె చెయ్యి అట్లాంటిది," అన్నారు ద్వారకానాథ్ గారు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

మేం నవ్వాం. జయశ్రీ గారు కూడా నవ్వారు. ఆమె నిన్న ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే ఆ నవ్వు చూసి నాకు ప్రాణం కుదుటపడింది. ఎన్ని కోతలు కోస్తే ఏం, మనిషి మా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు, అంతే చాలనిపించింది. అందుకే ఎవరం అడ్డుపడలేదు.

"సరే, మొసలి దండం పెట్టి పోయింది. పోతూ పోతూ కిరాయి కింద నా పండుగప్పని పట్టుకుపోయింది, అందుకే మీకు చేప చూపించలేకపోతున్నాను. నాకు ఆకలేసింది. మిగిలిన పులిహోర తిందామని ఓ మడ చెట్టు కిందికి పోయి బోటు కట్టాను. పడవ కట్టడం నాకెవరు నేర్పాలండీ? మా ఊళ్ళో పిల్లాడికి మొలతాడు కట్టేటప్పుడే ముడి నేర్పిస్తారు. కొమ్మకి బిగించి కట్టాను, బెత్తెడు కూడా వదులు లేకుండా. కాలవలో ఎప్పుడూ అట్లాగే కడతాం. తిన్నాను, కునుకు పట్టింది. ఇక్కడ నీళ్ళు ఎంత దిగిపోతాయో మీకు తెలుసు కదా, పోటుకీ పాటుకీ మధ్య మేడంత తేడా. నేను లేచి చూద్దును కదా, సముద్రం లేదు!"

"లేదంటే?"

"లేదండీ! ఎత్తుకుపోయారు! కింద బురద. నా బోటు మాత్రం కట్టినచోట కట్టినట్టే ఉంది, కొమ్మకి, గాలిలో వేలాడుతూ!"

"అంటే తాడు చిన్నగ కట్టిన్రా?" అన్నాను నేను.

"చిన్నగా కాదు తమ్ముడూ, గట్టిగా! అదీ ముడంటే. సముద్రం వదిలేసి పోయింది గానీ నా ముడి వదల్లేదు. బోటు ముక్కు ఆకాశం వైపు, నేను వెనక చివర హాయిగా పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాను. అంత ఎత్తు నుంచి చూస్తే ఇండోనేషియా కనపడుతోందండి. బాలిలో ఎవరో ఆవిడ బట్టలు ఆరేస్తోంది. ఇటు చూస్తే హార్బరు అడుగంతా బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన ఓడలు కనపడ్డాయి. వాటిలో గడియారాలు ఇంకా నడుస్తున్నాయండి, మన కంప్యూటర్ల కంటే నయం."

రుఖయ్యా గారు తన కప్పు కింద పెట్టారు. అప్పటిదాకా ఆమె కథలో ఒక్క మాట కలపలేదు.

"బోట్లో రేడియో లేదా అన్నా?" అని అడిగారు.

"ఎందుకు లేదమ్మా, ఉంది. కొన్నప్పుడే ఉంది దానికి."

"మరి దాంట్లో పిలవలేదా ఎవర్నీ?"

"పిలవడం ఎందుకు? ఆపదలో ఉన్నవాడు కదా పిలిచేది! నేను దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు," అన్నారాయన.

రుఖయ్యా గారు "ఓహో," అని మళ్ళీ కప్పు తీసుకున్నారు. ఆమె మొహంలో నవ్వు లేదు. అది నేను చూశాను గానీ ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎంతసేపని వేలాడతాం, పనులున్నాయి కదా అని కిందికి దూకాను. నడుం దాకా బురద. మామూలు మనిషైతే అందులో దిగితే ఇంక పైకి రాడు. నాకేమో మొసలి ఎదురొచ్చింది, ఇందాకటిదే. పులిహోర రుచి మరిగి ఈసారి వాళ్ళ తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చింది. ఇంకేం, బోటుని కిందికి దింపుకుని, రెండిటి మెడలకీ లంగరు తాడు వేసి కాడి కట్టాను. 'హై, హై' అని అదిలించాను. కదల్లేదు. మన ఎడ్లు కావు కదా అని గుర్తొచ్చి, ఇక్కడోళ్ళు పలకరించుకున్నట్టు 'గిడే మేట్' అన్నాను. ఇంక చూడండి పరుగు! బోటులో నేను నిలబడి ఉన్నాను, బురద రెండు పక్కలా ఎగురుతోంది, ఏలేలో అని పాడుకుంటున్నాను. దారిలో ఓ మొసలి పెళ్ళి ఊరేగింపు అనుకుని పక్కకి తప్పుకుని దారిచ్చింది."

"మొసళ్ళు పెళ్ళి చేసుకుంటాయా భాయ్?" అన్నారు డాక్టర్ గారు. ఆయనలో నమ్మకం ఎంత ఉందో, ఎగతాళి ఎంత ఉందో నాకు ఎప్పటికీ తేలదు.

"ఇవి డార్విన్ మొసళ్ళండీ, గవర్నమెంటు ఉద్యోగాలు. చేసుకోకేం చేస్తాయి? అట్లా పోయి పోయి సముద్రం అంచుకి చేరాను. చూద్దును కదా, నీళ్ళు గోడలాగా నిలబడిపోయి ఉన్నాయి. వెనక్కి పోవడం లేదు, ముందుకి రావడం లేదు. పక్కనే ఓ పెద్ద ఓడ బురదలో ఒరిగిపోయి ఉంది. దాని కెప్టెన్ రెయిలింగు పట్టుకుని ఏడుస్తున్నాడు. 'ఏంటి బాబూ' అన్నాను. 'పోటు రావాల్సిన టైము దాటిపోయింది సార్, రాలేదు, మేం ఏం చెయ్యాలి' అన్నాడు. నేను మొసళ్ళని ఆపి, దిగి, నీళ్ళలో చెయ్యి పెట్టాను. మీరు నాడి పట్టుకుంటారే డాక్టర్ గారూ, అట్లా. పట్టుకోగానే తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

ద్వారకానాథ్ గారు గొంతు తగ్గించారు. ఫ్యాన్ చప్పుడు కూడా తగ్గినట్టు అనిపించింది.

"వై2కె!"

"జులైలనా?" అన్నాను.

"సముద్రం పెద్దది కదయ్యా! బగ్గు అడుగు దాకా దిగడానికి ఆమాత్రం పట్టదూ? బ్యాంకులు చూశారు, విమానాలు చూశారు, లిఫ్టులు కూడా చూశారు. సముద్రాన్ని ఒక్కడైనా టెస్ట్ చేశాడా? దాని లెక్కలో సంవత్సరానికి రెండే అంకెలు పెట్టారు. సున్నా సున్నా కనబడేసరికి అది పందొమ్మిది వందలనుకుంది. ఆ ఏటి లెక్క ప్రకారం శనివారం పోటు లేదు, సెలవు. అందుకని నిలబడిపోయింది పాపం, దాని తప్పేముంది? నేను గెడ తీసుకుని బురద మీద కోడ్ రాశాను. రెండు అంకెల చోట నాలుగు అంకెలు. ఓడ మీద అందరూ టోపీలు తీసి చూస్తున్నారు. రాశాను, ఏమీ కదల్లేదు. ఒక్క నిమిషం నాకే చెమట్లు పట్టాయి. అప్పుడు చూసుకున్నాను, చివర చుక్క పెట్టలేదు! కోబాల్‌లో చుక్క పెట్టకపోతే సముద్రమైనా సరే కదలదండి. గెడ కొసతో ఇట్లా చుక్క పెట్టానో లేదో, గుడగుడమని వచ్చేసింది పోటు! ఓడ లేచింది, బోటు లేచింది, మొసళ్ళు చేతులూపి వెళ్ళిపోయాయి. కెప్టెన్ నా చెయ్యి పట్టుకుని, సిడ్నీ ఒలింపిక్స్‌కి తప్పకుండా రావాలన్నాడు. ఏ ఆటకి అంటే, 'మీ ఇష్టం సార్' అన్నాడు."

"మరి ఆ వాలంటీర్లు?" అన్నారు జయశ్రీ గారు. "మిమ్మల్ని వాళ్ళు కదా లాక్కొచ్చారు? నేను కళ్ళారా చూశాను."

"తాడు చూశావు జయా, నిజమే. ఎవరు ఎవర్ని లాగుతున్నారో చూశావా? పాపం వాళ్ళు దారి తప్పి తిరుగుతుంటే నేనే వెనక నుంచి తోసుకుంటూ ఒడ్డుకి చేర్చాను. వయసైన వాళ్ళు, నలుగురిలో చిన్నబుచ్చడం ఎందుకని వాళ్ళ బోటు ముందు ఉండనిచ్చాను. అంతే కథ!"

మేం చప్పట్లు కొట్టాం. కొట్టకుండా ఉండగలిగే కథ కాదది. డాక్టర్ గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

ద్వారకానాథ్ గారు అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు.

"అందుకని డాక్టర్ గారూ, శనివారం మీరు నిశ్చింతగా రండి. అచ్యుత్ నిన్న రాత్రి నేను పడుకున్నాక మా ఇంటికి ఫోన్ చేసి లైఫ్ జాకెట్లు కొందామా అని అడిగాడట. ఎందుకండీ అవి? ఆ ఎండలో, ఆ ఉక్కలో, మెడకి పరుపు కట్టుకున్నట్టు. ఈత రాకపోతే ఏం? పక్కన నేనుంటాను. సముద్రాన్నే బాగుచేసినవాణ్ణి, మిమ్మల్ని చూసుకోలేనా?"

"సరే భాయ్, నీ మీద భరోసా," అన్నారు డాక్టర్ గారు. నవ్వులో నవ్వుగా అన్నారు గానీ, ఆ మాట నిజంగానే అన్నారు. ఆయన మాటిస్తే వెళ్తారు.

రుఖయ్యా గారు లేచి నిలబడ్డారు.

"అన్నా," అన్నారు. "ఈ మాట నీ ఒక్కనితోనే ఎప్పుడన్నా చెప్పుకుందామని అనుకుంటి. నిన్న చెప్పలేదు, ఈపొద్దు గూడా చెప్పకూడదనే అనుకుంటి. మా ఆయన్ని రమ్మంటివి గనక చెప్తాన్నా. నిన్న శనివారం నాకు ఆస్పత్రి ఫార్మసీలో డ్యూటీ. సాయంత్రం ఫోన్ వచ్చింది. రేడియో గదిలో కూర్చునే వాలంటీరు, ముసలాయన. 'ఎవరో మనిషి రేడియోలో మాట్లాడతానే ఉన్నాడు, ఏ భాషో తెలీడంలేదు, మొదట ఆపదలో పిలిచే మేడే అన్నాడు, తర్వాతంతా మీ దేశం భాష మాదిరుంది, మీ ఆస్పత్రిలో ఎవరికన్నా అర్థమైతాదేమో వింటారా' అన్నాడు. ఫోన్ తీసుకపోయి స్పీకరు దగ్గర పెట్టినాడు."

ద్వారకానాథ్ గారి చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

"నువ్వే అన్నా. నీ గొంతు నాకు తెలీదా? బోటు చెట్టుకి వేలాడతాంది, కొమ్మ విరిగేట్టుంది అంటివి. కింద కనబడేది మొసలో దుంగో తెలీడంలేదు అంటివి. లైఫ్ జాకెట్టు ఇంటికాడ షెడ్‌లోనే వదిలేసి వస్తినే అని ఏడుస్తివి. నీళ్ళలో తేలే ఎర్ర రంగు బోయా దాటి ఎడమపక్క పాయ, ఎండిపోయిన చెట్టు మీద గరుడపక్షి గూడుంది, స్వామీ నువ్వే దిక్కు అని దండాలు పెడ్తివి. ఆ గూడు మాటే నేను ఆయనకి ఇంగ్లీషులో చెప్పినా. 'ఆ గూడు మాకు తెలుసు' అని వెంటనే బోటు పంపించినాడు. వదినకి చెప్దామంటే మీ ఇంటి ఫోన్ మొదట ఎంగేజు, తర్వాత ఎవరూ ఎత్తలేదు."

జయశ్రీ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఆ ముసలాయన అంతసేపూ నీతో ఒక మాట చెప్పాలని చూస్తానే ఉన్నాడన్నా. 'వినబడుతోంది, బయల్దేరినాం, నువ్వు బోటులో నుంచి దిగొద్దు' అని. చెప్పడానికి ఉంటే కదా? నువ్వు మైకు బటన్ పట్టుకున్నోడివి వదల్లేదు. నువ్వు వదిల్తేనే అవతలోళ్ళ మాట నీకు వినబడేది. మాట్లాడి మాట్లాడి, ఒక్కసారన్నా వదిలింటే, మేమున్నామని తెలిసిండేది నీకు."

ద్వారకానాథ్ గారు కప్పు కింద పెట్టారు. "నేను..." అని ఆగి, ఇంకా చిన్న గొంతుతో, "నేను ఎవరూ వినట్లేదనుకున్నానమ్మా," అన్నారు.

"మొదట్నుంచీ వింటాంటిమన్నా."

ఆ మాటకి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వుదామని కూర్చున్నవాళ్ళం, నిన్న ఆ బురద మీద వేలాడుతూ తన మాట ఎవరికీ చేరడం లేదనుకుని మాట్లాడుతూ పోయిన మనిషిని తలుచుకుని తలలు దించుకున్నాం.

రుఖయ్యా గారు ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇప్పుడు గొంతులో కోపం లేదు.

"ఇంకో మాట గూడా అంటివి. 'దేవుడా, ఈపొద్దు డాక్టర్ గారిని వెంట తీసుకురాలేదు, నేను చేసిన మంచిపని అదొక్కటే, ఆయనకి ఈత గూడా రాదు' అని రెండుసార్లు అంటివి. నీ ప్రాణం మీదికొచ్చినప్పుడు మా ఆయన్ని తలుచుకున్నావు. అందుకే నీ మాటలు నేను ఎవరికీ చెప్పలేదు, ఈయనకి గూడా చెప్పలేదు. అందుకే ఈ బిర్యానీ. అట్లాంటిది, ఒక్క రాత్రి నిద్రపోయి లేచి, జాకెట్ లేకుండా రమ్మంటే నేనేం చెయ్యాల చెప్పు?"

డాక్టర్ గారు లేచి వెళ్ళి ద్వారకానాథ్ గారి భుజం మీద చెయ్యి వేశారు. "నేను వస్తా భాయ్. రెండు జాకెట్లు వేసుకొని వస్తా. పైన ఒకటి, లోపల ఒకటి," అన్నారు. ఎవరో ముందు నవ్వారు, తర్వాత అందరం నవ్వాం. ద్వారకానాథ్ గారు కూడా, ముక్కు తుడుచుకుంటూ.

నవ్వనిది జయశ్రీ గారు ఒక్కరే. ఆమె రుఖయ్యా గారి వైపే చూస్తున్నారు.

"నా గురించి ఏమన్నా అన్నారా?" అని అడిగారు.

రుఖయ్యా గారు కొంచెం ఆలోచించారు. చెప్పాలా వద్దా అని చూస్తున్నట్టు.

"అన్నాడు వదినా. 'బయటికి పోయేటప్పుడు ఎక్కడికని అడగకూడదని మీ అమ్మ చెప్పిందని, పాపం నువ్వు ఏనాడూ అడగవు. నేను చెప్పి చావను. ఇప్పుడు నన్ను ఎక్కడని వెతుకుతావే జయా' అన్నాడు."

జయశ్రీ గారు మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కొంగు తీసేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మా అమ్మ చెప్పింది ఎడ్లబండి ప్రయాణాలప్పటి మాట. ఇంక నేను అడుగుతాను. అపశకునమైతే అవనీ. శనివారం ఎక్కడికి వెళ్తున్నారు?"

ద్వారకానాథ్ గారు నిటారుగా కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. మాకు ఆ ఊపిరి తెలుసు. డాక్టర్ గారు కాళ్ళు మళ్ళీ కుర్చీలో పెట్టుకున్నారు.

"ఎక్కడికీ లేదు జయా. ముందు జాకెట్లు కొనాలి. తర్వాత ఆ ముసలాయన దగ్గరికి పోయి, దండం పెట్టి, రేడియో ఎట్లా వాడాలో నేర్చుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా, ఏ పాయలోకో, ఎప్పటికి వస్తానో నీకు చెప్పి వెళ్తాను. నువ్వేమంటావు?"

అని ఆపేశారు. మేం ఇంకా ఉందేమోనని చూశాం. లేదు. ఆమె ఏమంటారో విందామని ఎదురుచూస్తున్నారు.